ఫ్యాను వెయ్యని గది

ఆ నర్సమ్మని ఎన్నిసార్లడిగినా "డాక్టరుగారొచ్చి చెబుతారు, కూర్చోండి" అనే అంటోంది. ఏం చెబుతారక్కా? ఎప్పుడు చెబుతారు? అడుగుతుంటే మొహం కూడా ఎత్తదేం!

నువ్వు కూర్చో. బావకేం కాదు. అంబులెన్సులో నా వేలు పట్టుకున్నాడు... పట్టుకున్నాడనే అనుకుంటున్నాను.

ఏం జరిగిందో చెప్పమంటే ఎక్కణ్ణించి చెప్పను? నీకు తెలిసిందేగా, ఆదివారమొస్తే మేం నలుగురం లెక్కల మాస్టారి మేడగదిలో చేరతాం. బల్లంత మ్యాపు, దాని మీద గోరంత అట్టబిళ్ళలు, ఒక్కో బిళ్ళా ఒక్కో పటాలం. "ఈ వయసులో మీకా బొమ్మ యుద్ధాలేంట్రా" అని తిడుతుంటావుగా, అదే. ఇవాళ ఎప్పుడో రెండువందల ఏళ్ళనాటి యుద్ధం. మంచులో నది మీది వంతెన దాటి పారిపోయే సైన్యం బావది. తరిమేది నేను.

ఆ గదిలో ఫ్యాను వెయ్యం. వేస్తే బిళ్ళలెగిరిపోయి, పొద్దుట్నించీ ఆడిందంతా గంగలో కలిసినట్టే. ఆ రూలు పెట్టింది బావే. కిటికీలు కూడా మూసేస్తాం. అందుకే బావ చొక్కా తడిసి ముద్దయిపోయినా ఎవరం పట్టించుకోలేదు. అందరికీ చెమటలే కదా. మా నలుగురిలో ఒక డాక్టరున్నాడుగా అంటావా? పళ్ళ డాక్టరక్కా ఆయన! ఆయనా తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఎడంచెయ్యి లాగుతోందిరా" అన్నాడు బావ. "వంతెన పోతోందిగా, లాగదూ మరి!" అన్నాను. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు. నవ్వాడక్కా, ఒట్టు.

ఎందుకలా చూస్తావు? భయంగా ఉందక్కా. చచ్చేంత భయంగా ఉంది.

నీకో మాట చెప్పాలి. మధ్యలో ఏమీ అనకు.

బావ లేచాడు. గోడ పట్టుకుని నడిచి, వెళ్ళి ఫ్యాను వేశాడు. ఆ రూలు పెట్టిన బావే! బిళ్ళలన్నీ లేచిపోయాయి. నా పటాలాలు వంతెన ఎక్కేశాయక్కా, ఇంకొక్క పాచిక పడితే గెలుపు నాదే. ఇన్నేళ్ళలో బావ మీద ఒక్కసారైనా గెలిచానా నేను? ఓడిపోతున్నాడని కావాలనే చేశాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. "ఈ వయసులో తొండి చేస్తావా బావా!" అని అరిచి, ఫ్యాను నేనే కట్టేశాను.

"గాలాడ్డం లేదురా" అన్నాడు. "నాటకాలాడకు, కూర్చో" అన్నాను.

కూర్చున్నాడక్కా. ఎప్పుడూ నా మాట వినని మనిషి, విని వెళ్ళి కూర్చున్నాడు. నేను బల్ల కింద దూరి బిళ్ళలేరుకుంటున్నాను. ఎంతసేపు ఏరానో! నెత్తి మీద బల్ల దబ్బుమంది. అది బావ తల.

చెయ్యి లాక్కున్నావా? లాక్కో. నేనైనా లాక్కుంటాను.

మాస్టార్నీ, పళ్ళ డాక్టర్నీ బతిమాలుకున్నాను, ఫ్యాను సంగతి అక్కకి చెప్పకండని. బావ కళ్ళు తెరిస్తే చెప్పేస్తాడు, ఇంక అక్క మొహం ఎలా చూడను అని... ఇందాకటిదాకా నా భయం అదక్కా. మనిషి లోపల అలా పడుంటే నా ఏడుపు అది. ఛీ, నా బతుకు!

అదిగో, తలుపు తీశారు. నిన్నే రమ్మంటున్నారు. వెళ్ళక్కా, నేనిక్కడే ఉంటాను.

చెప్పనీ. వీడే ఫ్యాను కట్టేశాడని బావని చెప్పనీ. నానా తిట్లూ తిట్టనీ, మళ్ళీ మా గడప తొక్కొద్దననీ. నోరు తెరిస్తే చాలు.

తెరుస్తాడంటావా?