రెండో బిందె

యూదుల దేశంలో, హైఫా ఊరి చివర శ్మశానంలో, శవాలకు స్నానం చేయించే గది గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. ఒకామె ఆ పని చేసే పెద్దావిడ. రెండో ఆమె తల్లి శవం లోపల బల్ల మీద ఉంది.

“కాగితాల్లో మీ అమ్మమ్మ రష్యన్ అని ఉంది తల్లీ. తల్లి యూదురాలు కాకపోతే బిడ్డా కాదంటారు. మీ అమ్మకు నేను స్నానం చేయించకూడదు.”

“తాతయ్య యూదుడని అక్కడ రష్యాలో అమ్మను కాలేజీలో చేర్చుకోలేదు పిన్నిగారూ. అక్కడ యూదురాలైన మనిషి ఇక్కడికొచ్చి కాకుండా పోయిందా?”

“దేవుణ్ణి నమ్మేదా?”

“లేదు. కానీ ఉపవాసం రోజున టీ కూడా తాగేది కాదు. అడిగితే పంచదార అయిపోయిందనేది.”

“మా ఆయనా అంతే. బతికినన్నాళ్లూ దేవుడితో పోట్లాటే.”

“ఆయనకు స్నానం చేయించారా?”

“చేయించారు.”

“సరే, అమ్మకు నేనే చేయిస్తాను. ఎలాగో చెప్పండి.”

“మూడు బిందెలు తల నుంచి కాళ్ల దాకా పోయాలి. ఒక బిందె అయిపోకముందే రెండోది మొదలుపెట్టాలి. మధ్యలో ధార తెగకూడదు.”

“ఒక్కదాన్నే ఎలా పోస్తాను?”

“ఒక్కరివల్ల కాదమ్మా. అందుకే ఎప్పుడూ నలుగురం వస్తాం.”

“మరి ఇవాళ?”

 పెద్దావిడ చేతిగాజు తీసి గూట్లో పెట్టింది.

“మీ అమ్మ పేరేమిటి? మీ తాత పేరు?”

“అమ్మ ఫైనా. తాతయ్య నౌమ్.”

“నౌమ్ కూతురు ఫైనా. ఈ గదిలో ఎవరినైనా తండ్రి పేరుతోనే పిలుస్తాం. పద తల్లీ, మొదటి బిందె నువ్వెత్తు.”