మిసిసిపీ మాస్టారి చింతచెట్టు

ఒరే, ఆ మోకాలి మీంచి దిగరా, ముందే అరిగిపోయి చచ్చేయి. ఆఁ, ఇంతకీ రేవుకెళ్ళే దారిలో బడిచింత ఉంది కదా, మిట్టమధ్యాన్నం ఆ నీడన మేకైనా పడుకోదు, ఎందుకో తెలుసా? మీకేం తెలుసు, మీకు సెల్లు ఒకటే తెలుసు.

పూర్వం గాలివానకి బడి కప్పు లేచిపోతే సోమయాజులు మాస్టారు ఆ చెట్టుకిందే పాఠాలు చెప్పేవారు. ఆయనకి అమెరికాలో ఉండే మిసిసిపీ నదంటే పిచ్చి. పక్కనే గోదారి పెట్టుకుని అదేం పిచ్చో! కర్రతో మట్టిలో గీసేవారు. ఇదిగో, ఉత్తరాన ఇటాస్కా అనే సరస్సులో పుడుతుందర్రా, అక్కడ రాళ్ళమీద అడుగులేసి దాటేయొచ్చు, ఆ తరవాతేమో పడమట్నించి మిస్సోరి వచ్చి కలిసి నీళ్ళన్నీ బురద చేస్తుంది, అని చెబుతుంటే గంట కొట్టేరు, సముద్రంలో ఎలా కలుస్తుందో రేపు చూద్దాం అన్నారు. ఆ రేపు రాలేదు. గుండాగి పోయేరు, పాపం. నది సగంలో ఉండిపోయింది, ఆయన చెట్టుమీద ఉండిపోయేరు.

ఇంక చూడండి, మధ్యాన్నం ఎవరు ఆ నీడలోకొచ్చినా పైనించి బెత్తం దిగేది, మిసిసిపీ ఎక్కడ పుట్టిందిరా అని అడిగేది గొంతు. తెలీదంటే గోడకుర్చీ! గోడేదీ అనకండి, చెట్టుకే వీపానించాలి. కరణంగారంతటి వాడు గాల్లో కూచుని పొద్దుగూకేదాకా వణికేడు.

అలా ఉండగా పెద్ద వరదొచ్చింది. పల్లాలమ్మ అని ఒకావిడ ఉండేది, మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు, ఉన్నదల్లా ఏటిగట్టున అరెకరం దోసపాదు. వరద తీసేసరికి గోదారి దారి మార్చుకుని పాదుకీ ఊరికీ మధ్యనించి పారుతోంది, పాదేమో అవతలి ఊరికి అతుక్కుపోయింది. ఆ ఊరి ప్రెసిడెంటు ముత్యాలరావు, ఏరు మా వైపు తోసింది కాబట్టి నేల మాదే, నీ పట్టా గోదాట్లో కలుపుకో అన్నాడు. కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఏడుస్తూ రేవు దిగి వస్తూ వస్తూ, ఎండకి కళ్ళు తిరిగి ఆ చింతకిందే కూలబడింది.

బెత్తం దిగింది. మిసిసిపీ ఎక్కడ పుట్టిందే? అంతే, పల్లాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. నా పిల్లల కూడు పోయి నేనేడుస్తుంటే అదెక్కడ పుడితే నాకేంటండీ, మీ నది ఎప్పుడైనా ఒకళ్ళ నేల ఎత్తుకెళ్ళి ఇంకొకళ్ళ గట్టున పడేసిందా, ముందది చెప్పండి, అంది.

బెత్తం ఆగిపోయింది. అన్నేళ్ళు పాఠం చెప్పినా ఆయన్ని ఒక్కడూ ఎదురు ప్రశ్న అడగలేదు మరి! పైనించి ముక్కు చీదుకోవడం వినబడిందట. మంచి ప్రశ్న తల్లీ, కూర్చో, అని మొదలెట్టేరు. నదికి తూర్పుగట్టున ఇల్లినాయిస్ అని రాష్ట్రం ఉందట, కస్కాస్కియా అని దాని మొదటి రాజధానట, వరదొచ్చి నది ఆ ఊరిని చాలామటుకు మింగేసి, వెనకనించి కొత్తదారి చేసుకుని పోయిందట, మిగిలిన ముక్కేమో పడమటి రాష్ట్రానికి అతుక్కుందట. మరి ఎవరిదైంది? ఇవాళ్టికీ తూర్పువాళ్ళదే! నది గెంతినంత మాత్రాన ఊరు గెంతదమ్మా, అన్నారట.

ఈ మాట చెబితే ముత్యాలరావు పడీపడీ నవ్వేడు. చచ్చినాయన సాక్ష్యమా, పద నేనే అడుగుతా అని పడవెక్కి వచ్చేడు. చిన్నప్పుడు ఆయన దగ్గరే చదివిన సంగతి మర్చిపోయినట్టున్నాడు. ఏరా ముత్యాలూ, మిసిసిపీ ఎక్కడ పుట్టింది? హిమాలయాల్లో మాస్టారండీ! ఇంకేముంది, గోడకుర్చీ. ఊరంతా గట్టుమీద నిలబడి చూస్తోంది. కాళ్ళు గజగజలాడుతుంటే రెండో ప్రశ్న, కస్కాస్కియా ఎవరిదిరా? పల్లాలమ్మది మాస్టారండీ, అని కేకేసేడు!

తప్పే. అయినా మాస్టారు పూర్తి మార్కులేసి లేవమన్నారు. ఆ ఏడు మొదటి దోసకాయ చెట్టుకింద పెట్టి పల్లాలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

కాబట్టి మధ్యాన్నం అటు వెళ్ళకండి. ఇటాస్కా అని ఇప్పుడు తెలిసిపోయిందిగా అంటారా? నేనూ ఆ ధీమాతోనే వెళ్ళేను. టక్కున చెప్పేను కూడా. మిస్సోరి తరవాత తూర్పునించి వచ్చి కలిసేదేంటి అని అడిగేరు. ఆయన చెప్పకుండా పోయిన పాఠం నాకెలా తెలుస్తుందర్రా? ఈ మోకాళ్ళు ఊరికే అరిగేయనుకున్నారా!