ఎర్త్ గుంతకు నీళ్ళు

గుండె ఆపరేషనైన మొగుడు రేపు కడప ఆస్పత్రి నుంచి వస్తాడని, కోయిలకుంట్లలో సిద్దమ్మ కరెంటు పని చేసే పరమేష్‌ను ఇంటికి పిలిపించింది.

“ఫ్రిజ్జు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటాంది పరమేషూ. ఇట్లుంటే మీ మామకు ఏసీ యాడ పెట్టేది?”

“ఏసీకి లోడు పెంచాలంటే కరెంటాఫీసోళ్ళు వచ్చి చూసి ఒప్పుకోవాల అత్తా. ఎర్తు సరిగా లేకుంటే ఒప్పుకోరు. ఉండు, ప్లగ్గులో కరెంటుకూ ఎర్తుకూ నడుమ బల్బు పెట్టి చూస్తా. ఎర్తు బాగుంటే బాగా వెలగాల. అదిగో, ఎట్ల మినుకుమంటాందో చూడు. మామ ఆస్పత్రికి పోయినంక పెరట్లో గోడకాడ తీగ పాతిన ఎర్త్ గుంతకు ఎవరూ నీళ్ళు పోయలేదా?”

“గుంతకు నీళ్ళేంది?”

“నేల ఎండితే ఎర్తు పని చేయదు, షాకు కొడ్తాది. దినామూ బిందెడు పోయమని మామకు నేనే చెప్పింటి.”

సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

“గోడకాడ నీళ్ళు పారబోస్తాండాడని దినామూ తిడ్తి గదప్పా! తాగను నీళ్ళు లేక మనం చస్తాంటే, గోడకు దప్పికైందా అంటి. ఒక్కనాడన్నా నోరు తెరిచి చెప్పలేదే!”

“షాకని తెలిస్తే నువ్వు భయపడి వంటింట్లోకే పోవని, చెప్పద్దన్న్యాడు. తిట్లైతే అలవాటేలే అన్న్యాడు.”

“ఆ బిందె ఇట్లియ్యి.”

“నేను పోస్తాలే అత్తా.”

“వద్దు. మీ మామ లేచి తిరిగేదాకా నేనే పోస్తా. నాకు తెలిసిందని మాత్రం ఆయప్పకు చెప్పద్దు. లేచినంక మళ్ళా ఆయప్పే పోయాల, నేను మళ్ళా తిట్టాల.”