మునెమ్మ చేత అక్కా అనిపించిన హోటలు

“చెంగమ్మవ్వా, మా అవ్వ నిన్ను అక్కా అంటా ఉండాదే, ఎప్పట్నించి?”

అడిగినావా. ఎవురన్నా అడుగుతారేమో అని నాలుగు దినాలుగా ఈ తిన్నె దిగలేదు నేను. రా పాపా, ఈడ కూసో. మీ అవ్వ మునెమ్మ నన్ను నలభై ఏండ్లు ‘చెంగీ’ అనింది, ‘ఏమే’ అనింది, కోపమొస్తే ఇంకా ఏమేమో అనింది, అవి నీకెందుకులే. అక్కా అని మాత్రం ఒక్క పూట అన్లేదు. ఇద్దరం ఒకే దినం కొండమీద పనికి చేరినాం గదా, యాత్రికుల గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే పని. ఒకే బస్సులో పోయినాం. టికెట్టు అర్ధరూపాయో, ముప్పావలానో, ఎంతయితేనేం, ఇద్దరిదీ నేనే ఇచ్చినా. మీ అవ్వ అదీ కాదంటాది. బస్సులోంచి ముందు కాలు కింద పెట్టింది నేను. కాబట్టి పనిలో నేనే పెద్ద. మీ అవ్వేమో తనే ముందు దిగినానంటాది. ఈ తగువు తీరకుండానే ఇద్దరికీ ముసలితనమొచ్చి ఇంటికొచ్చేసినాం.

ఆ, ఎప్పట్నించి అన్నావు గదా, హోటలుకి పోయొచ్చినప్పట్నించి. మా మనవరాలు లావణ్య, బెంగళూరులో ఉద్యోగం చేస్తాదే, అది ఫోన్ చేసి, “అవ్వా, బతుకంతా నువ్వు వేరేవాళ్ళ గదులు ఊడ్చినావు, ఒక్కదినం నీ గది ఇంకొకరు ఊడవనీ” అనింది. అని, తిరుపతిలోనే ఒక పెద్ద హోటల్లో గది తీసిచ్చింది. రెండు మంచాల గది. రెండో మంచం ఉత్తగా పోతాదే అని మీ అవ్వని పిల్చుకోని పోయినా. ఎన్ని అంతస్తులనుకున్నావు. పైనుంచి సూస్తే తిరుమల కొండ మనకంటే కిందుండాది. నవ్వొద్దు.

పోతా పోతా ఆటోలో మీ అవ్వ ఎచ్చుగా అనింది, “చెంగీ, నువ్వు పని చేయకుండా ఒక దినం ఉండలేవు. ఆడ కూడా ఊడ్చే పరక యాడుందా అని ఎతుక్కుంటావు.” “ఎతుక్కునేది నువ్వు” అన్నా నేను. అట్ల పడింది పందెం. హోటల్లో కాలు పెట్టినప్పట్నించి మర్నాడు తాళం ఇచ్చేదాకా, ఎవురు ముందు పనికి చెయ్యి పెడితే వాళ్ళు ఓడినట్టు. ఓడినోళ్ళు గెలిచినోళ్ళని సచ్చేదాకా అక్కా అని పిలవాల. సంతలో, పెండ్లిలో, యాడైనా సరే. నలభై ఏండ్ల తగువు పాపా, ఊరికే ఓడిపోయేదానికవుతాదా.

వాకిట్లోనే మొదలయింది. నా గుడ్డసంచిలో ఏముండాది, ఒక చీర, ఒక తువ్వాల, వక్కాకు తిత్తి. దాన్ని మోసేదానికి నలుగురు మొగోళ్ళు వచ్చినారు. సరే, ఒకడే. టోపీ పెట్టుకోనుండాడు. మీ అవ్వ తన సంచి వదల్లేదు, చంటిబిడ్డ మాదిరి ఎదకి అదుముకొనింది. “మునెమ్మా, మోస్తే పనే” అన్నా. టక్కున ఇచ్చేసింది.

గదిలో నేల ఎంత నున్నగా ఉండాదంటే, అందులో మొగం సూసుకోని బొట్టు దిద్దుకున్నా. స్నానాల గది మన వీధంత. బల్లమీద కాఫీ సామాను పెట్టుండారు, నీళ్ళు కాగే చెంబు, పొట్లాల్లో పొడి, చక్కెర. మనమే కలుపుకోవాలంట. కలిపితే పని గదా. ఇద్దరం చెరో మంచం మీద కూసోని ఆ చెంబునే సూస్తా ఉండాం. మూడు గంటలు. మీ అవ్వకి కాఫీ లేకపోతే తలనొప్పి, తెలుసు గదా నీకి. నాకూ తెలుసు, అందుకే నేను తొందరపడలేదు. కడాకి ఫోన్లో అడిగితే ఒకాయన కలిపి తెచ్చిచ్చి, ‘మేడం’ అన్నాడు. మీ అవ్వ వెనక్కి తిరిగి సూసింది, ఎవురొచ్చినారా అని.

పొద్దన్నే టిఫిన్లు నూటపది రకాలు. లెక్కపెట్టినా. తిన్నాక మీ అవ్వ కడిగేదానికి ఎంగిలి తట్ట పట్టుకోని లేస్తా ఉండాది, నాకి ఎంత సంతోషమో. ఇంతలో ఒక సర్వరు వచ్చి తట్ట లాక్కోని, చేతికొచ్చిన నా గెలుపుని చెడగొట్టినాడు.

గదికొస్తే, దుప్పట్లు మార్చే పిల్ల వచ్చుండాది. పుత్తూరు పక్క పిల్ల, పనికి చేరి వారమంట. దుప్పటి ఎకరం ఉండాది, పిల్ల ఒకతే. ఈ మూల దోపితే ఆ మూల లేస్తాది, ఆ మూలకి పరిగెత్తితే ఈ మూల లేస్తాది. కొండమీద మేమెప్పుడూ ఇద్దరం. ఈ తట్టు నేను, ఆ తట్టు మీ అవ్వ. ఒకటే ఇదిలింపు, దుప్పటి గాల్లోకి లేచి, మంచం కొలత తనే తీసుకోని దిగేది. దినానికి వెయ్యి మంచాలు పరిచినాం. వెయ్యికి తక్కువుండదు.

ఆ పిల్ల కండ్లలో నీళ్ళు. “మా పెద్దమేడం ఇప్పుడొస్తాదవ్వా. ఈరోజూ ముడత కనిపిస్తే ఇంటికే పొమ్మనింది” అనింది. నేను రెండు చేతులూ తొడలకింద పెట్టుకోని వాటిమీద కూసున్నా. మీ అవ్వని సూసినా. మీ అవ్వ నన్ను సూసింది. “కుడిమూల ముందు దోపు పాపా” అని నోటితో చెప్తా ఉండా, నోరు పనికిందికి రాదు గదా.

మీ అవ్వ లేచింది. కొంగు నడుముకి చెక్కుకోని, ఆ తట్టు మూల పట్టుకొనింది. ఒకటే ఇదిలింపు.

పెద్దమేడం వచ్చి అరచేత్తో నిమిరి నిమిరి సూసింది. యాడా ముడత లేదు. “ఎవరు నేర్పించినారు?” అనింది. “మేమే, నలభై ఏండ్ల పని మాది” అన్నా. ఆ పిల్ల పని పోకుండా నిలిచింది. మా ఇద్దరికీ ఆడనే ఉద్యోగం ఇస్తామన్నారు, నెలకి లక్ష.

“అవ్వా...”

సరేలే, ఉద్యోగం కాదు, ఇంకో రెండు కాఫీలు పంపినారు. కలిపిన కాఫీలే.

పెద్దమేడం అట్ల పోతానే, నేను చేతులు బయటికి తీసి, “మునెమ్మా, పిలువు” అన్నా. గోడపక్కకి తిరుక్కోని, చేదుమాత్ర మింగినట్టు “అక్కా” అనింది. తాళం ఇచ్చేకాడ అందరి ముందరా ఇంకోసారి అనిపించినా. ఆటోలో ఒకసారి. మన వీధి మొదట్లో ఆటో దిగి, గట్టిగా ఒకసారి.

ఇంకొకటి చెప్తా, చెవి ఇట్ల తే. మీ అవ్వకి చెప్పినావంటే నీ పెండ్లికి రాను. ఆ పొద్దన్నే, మీ అవ్వ ఇంకా గురక పెడతా ఉంటే, నేను స్నానాల గదిలో కొళాయి మీద మరకలు సూసినా. ఓర్చుకోలేక తువ్వాలతో తుడిచేసినా. కొళాయి ఒకటే. సరే, అద్దం కూడా. నేల కూడా రవంత. అంటే ముందు ఓడింది నేనే. ఎవురూ సూడనప్పుడు ఓడినా. మీ అవ్వ నేను సూస్తా ఉండంగానే లేచింది, ఓడిపోతానని తెలిసీ లేచింది. న్యాయంగా సూస్తే నేనే దాన్ని అక్కా అనాల.

అంటానా. అనను.

అదో, వచ్చింది సూడు. “అక్కా, రవంత సున్నం ఉండాదా?” అంటా ఉండాది. గమ్మునుండు, పలకొద్దు. ఏమి మునెమ్మా, ఈ చెవి మందంగా ఉండాది, గట్టిగా పిలువు. ఇంకా గట్టిగా. ఆ.

సల్లగా ఉండు పాపా. నీకీ ఒక దినం వస్తాది, ఎవురో దుప్పటి పరస్తా ఉంటే కాలుమీద కాలేసుకోని కూసునే దినం. బాగా కూసో. లేచేదానికి మీ అవ్వ లాంటిది ఒకతి పక్కన ఉండాల, అంతే... రా మునెమ్మా, రా. సున్నం నీకోసమే తీసిపెట్టినా.