కవరు వెనక ముద్రలు

2004లో ఒక మధ్యాహ్నం. అమీర్‌పేటలో కంప్యూటర్ క్లాసుల బోర్డుల మధ్య ఇరుక్కుపోయిన పాత స్టాంపుల దుకాణానికి బోరబండ నుంచి ఒకామె వచ్చింది. సంచిలోంచి అరవై ఏళ్లనాటి కవరు తీసి ముసలి యజమాని ముందు పెట్టింది.

"స్టాంపు కత్తిరించుకొని, ఎంతొస్తదో చెప్పండి సార్."

"అయ్యయ్యో, కత్తెర పెట్టకండమ్మా! విడి స్టాంపుకి టీ డబ్బులు కూడా రావు. కవరు మీదుంటేనే దానికి విలువ. ఎవరికి రాసిందండీ ఇది?"

"మా తాతకు. లడాయిల ఉండె. మా నాయిన పుట్టిండని నానమ్మ రాయించింది. తాత సచ్చిపోయినంక ఆయన సామాన్లతోని ఇది సుత వాపస్ వచ్చింది."

ఆయన కవరు తిప్పి భూతద్దం పెట్టాడు. ముద్రలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఏడు ముద్రలున్నాయమ్మా! సికింద్రాబాద్, బొంబాయి, తర్వాతవన్నీ సైన్యం పోస్టాఫీసులవి. ఆయన ఎటు మారితే అటు వెంటపడి వెళ్లింది. చివరిది ఇటలీలో ఆసుపత్రిది. ఆగస్టు పంతొమ్మిది."

ఆమె కవరు మీదికి వంగింది.

"తాత పోయింది ఇరవై ఒకటి నాడు సార్. ఇది ఆయన పోయినంకనే చేరిందనుకొని, కొడుకు సంగతి తెల్వకుండనే పోయిండని నానమ్మ సచ్చేదాక ఏడ్సింది."

"ఈ మూల పెన్సిలు రాత చూడండి. నర్సు రాసినట్టుంది, ఇంగ్లీషులో. 'తెలుగు వచ్చిన జవానుతో చదివించాం. నవ్వాడు.'"

ఆమె భూతద్దం అందుకుని ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"సార్, మా నాయిన బయట స్కూటర్ కాడ ఉన్నడు. పిలుస్తా. గీ మాట మీ నోటితోనే ఆయనకు చెప్పండి."