పట్టుకున్నదాని నొప్పి

తిప్పన్న అని బండలు తీసేవాడు ఒకడుండె. వానికి సుంకులమ్మ తల్లి బలమిచ్చిందంట. రే చరణూ, ఇట్ల జూడు, ఇంతసేపూ నీ ఫోన్లో బొమ్మపిల్లోడు లారీని ఒంటిచేత్తో ఎత్తి పట్టుకోలా? అట్లాంటి బలమే అనుకో. వాడు పట్టుకున్న చోట లారీకి బొక్క ఎందుకు పడలేదురా, వాని కాళ్లకింద రోడ్డు ఎందుకు కుంగలేదురా అని నేనడిగితే అందరూ పకపకా నగితిరి. నగండి నగండి. తిప్పన్నకు ఏమైందో వింటే మీకే తెలుస్తాది.

ఏమైందంటే, ఈ తిప్పన్నా, వాని పెండ్లాము మారెక్కా, ఇద్దరూ గనిలో పనిచేసేవాళ్లు. నేలలోంచి నల్లబండ పలకలు పలకలుగా లేస్తాది చూడు, ఆ గని. పెద్ద పలకను ఎత్తాలంటే ఒకరితో అయ్యే పనా? చుట్టూరా మనుషులు నిలబడాల, అందరూ ఒక్కమాట మీద ఎత్తాల. ఒక పక్క ముందు లేచిందా, పలక నడిమికి ఇరుగుతాది. తిప్పన్నకు ఈ మనుషుల్ని పిలిచేదే కష్టం. "రాండప్పా, ఒక చెయ్యి వెయ్యండప్పా" అని ఎవుర్నన్నా అడగాలంటే వానికి తల తీసేసినట్టు ఉండేదంట. మంచోడే, రోషం జాస్తి. మారెక్కను మాత్రం పిలవాల్సిన పని లేదు, పక్కనే ఉంటాది కదా. అట్లుండంగా ఒకసారి గాలివానకు సుంకులమ్మ గుడి కప్పు పడిపాయె. గుడంటే ఏముంది, నాలుగు రాళ్లు, పైన ఒక పలక. పాపం అమ్మ ఎండలో కూచోనుండాదే అని మొగుడూ పెండ్లాం ఇద్దరే కిందామీదా పడి పలక ఎత్తి కప్పినారు. అప్పటికి మారెక్క నిండు కడుపుతో ఉండాది. ఊర్లోవాళ్లను పిలవొచ్చు కదా? పిలవలా. సరే, అమ్మకు నీడ వచ్చింది, అమ్మ చల్లబడింది. ఏం కావాల్నో అడగండి, మనిషికి ఒకటి ఇస్తా అనిందంట. తిప్పన్న ఆలోచన చేసినాడా, ఏమన్నానా! "ఎవుర్నీ పిలవకుండా ఎంత బండైనా నేనొక్కణ్ణే ఎత్తే బలమియ్యి తల్లీ" అనేసె. మారెక్క మాత్రం నాకిప్పుడేం తోచడం లేదమ్మా, కావాల్సినప్పుడు వచ్చి అడుగుతాలే అనింది.

ఇంకేముంది, మర్నాడు గనికి పోయినాడు మావోడు. అందరూ చూస్తాండంగా ఇంత పొడుగు పలకను ఒక కొన పట్టుకొని ఒంటిచేత్తో లేపినాడు. లేచింది. లేస్తానే ఫెళ్లుమని ఇరిగి చేతిలో చెయ్యంత ముక్క మిగిలె. అమ్మ బలం వానికిచ్చింది గానీ బండకు ఇయ్యలేదు కదా. ఈసారి ఇంకోదాన్ని అడుగున రెండు చేతులూ వెడల్పుగా పెట్టి నెత్తిమీదికి ఎత్తినాడు. ఇరగలా, కానీ ఆ బరువంతా పాదాల్లోకి దిగి, మోకాళ్లదాకా భూమిలోకి కూరుకుపోయె. అరచేతులు కొట్టుకుపోయి నెత్తురు. కండకు బలమొచ్చింది, తోలు పాత తోలే. ఎవుర్నీ పిలవనన్నోడు ఆపొద్దు "రాండప్పా, లాగండప్పా" అని అరిస్తే తోటివాళ్లే తవ్వి బయటికి తీసిరి. ఇంటికొచ్చి తలుపు తోస్తే తలుపు ఊడొచ్చె. సంగటి తినే తట్ట పట్టుకుంటే తట్ట కాగితం మాదిరి ముడుచుకుపోయె. చెంబూ అంతే. ఏం జేస్తాది, మారెక్కే ముద్దలు చేసి నోట్లో పెట్టేది. "ఇంత బలమొచ్చి పసిబిడ్డవైపోతివి కదా మామా" అని నగేది. వాడూ నగేవాడు పాపం.

ఆ నగు ఎన్నాళ్లుంటాది? మారెక్కకు కానుపాయె. ఆడబిడ్డ. ముద్దబంతి పువ్వు మాదిరి ఉండాదంట. మంత్రసాని బిడ్డను తెచ్చి, ఇదిగోప్పా తండ్రీ, పట్టుకో అని చేతికియ్యబోతే తిప్పన్న గోడదాకా వెనక్కి పోయినాడు, రెండు చేతులూ చంకల్లో దూర్చుకొని. ఆ పొద్దునుంచీ అంతే. బిడ్డ ఏడిస్తే దూరంగా నిలబడి జోల పాడేవాడే గానీ దగ్గరికి పోడు. తీరా తొట్లో వేసే దినం వచ్చె. ఆ ఊర్లో తండ్రే బిడ్డను ఎత్తి తొట్లో పడుకోబెట్టి పేరు పెట్టి పిలవాల. చుట్టాలంతా వచ్చి కూచున్నారు, తండ్రి యాడా లేడు. మారెక్కకు తెలుసు యాడుంటాడో. గనికి పోయి చూస్తే ఇరిగిన పలకల చాటున కూచోని వెక్కివెక్కి ఏడుస్తాండాడు. "లే మామా, బిడ్డ నీకోసమే కాచుకోనుండాది" అంటే, "నేను రానే మారీ. ఆ తట్టకు అయిందే నా బిడ్డకు అయితే? చేతులన్నా నరుక్కుంటా గానీ దాన్ని ముట్టుకోను" అన్నాడంట. మారెక్క కొంగుతో వాని మొగం తుడిచి, నా వంతు ఇంకా ఉండాది కదా, పద అనింది.

పోయి సుంకులమ్మ ఎదురుగా నిలబడి దులిపేసింది. "బలమొక్కటీ ఇచ్చి ఊరకుంటివే తల్లీ, దాంతోపాటు రావాల్సినవన్నీ యాడ దాచిపెట్టుకున్యావు?" అమ్మకూ పౌరుషమే కదా. "వాడు అడిగింది నేనిచ్చినా. ఇచ్చింది ఎనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. వాని తోలు గట్టిపడాల్నా, కాళ్లకింద నేల గట్టిపడాల్నా, ఎత్తిన బండ ఇరక్కుండా ఉండాల్నా? ఏదో ఒకటి అడుగు" అనింది. మారెక్క ఆలోచన చేసింది. ఏది గట్టిపడితే ఏం లాభం, బిడ్డ మెత్తనిదే కదా? ఆఖరుకు, "ఆయన ఏది పట్టుకున్నా, దాని నొప్పి ముందు ఆయనకు తెలియనియ్యి తల్లీ" అని అడిగిందంట. "ఇది బండకంటే బరువే పిల్లా, ఆలోచన చేసుకున్యావా?" అనింది. "మోస్తాడులేమ్మా, బలముండాది కదా" అనింది మారెక్క.

ఇంటికొచ్చినారు. అందరూ చూస్తాండారు. తిప్పన్న బిడ్డ కింద చేతులు పెట్టినాడు. ఒక వేలు మెడకాడ కొంచెం ఒత్తుకునే సరికి వాని మెడలోనే కలుక్కుమనింది. సడలించినాడు. నొప్పి పోయింది. అట్ల తెలుసుకుంటా తెలుసుకుంటా మెల్లిగా ఎత్తుకొని రొమ్ముకు ఆనించుకుంటే బిడ్డ ఏడుపు ఆపేసె. వాడు మొదలుపెట్టె ఏడ్చేది! తొట్లో పడుకోబెట్టి సుంకమ్మా అని పేరు పిలిచినాడు. పిలిచి, ఆ సంతోషంలో పక్కనున్న మారెక్క చెయ్యి పట్టుకున్నాడు, బలమొచ్చిన తర్వాత అదే మొదుటిసారి. పట్టుకోవడం పట్టుకోవడమే "ఓయమ్మా!" అని నడుము పట్టుకోని కూలబడిపాయె. "మారీ, నా నడుముకు ఏమో అయింది, ఇరిగిపోతాంది" అంటాడు. "నీది కాదులే మామా. నాది" అనింది. ఎప్పుటినుంచి అంటే, గుడికి కప్పేసిన దినం నుంచి మరీ జాస్తి, అంతకుముందు నుంచీ ఉన్నిందే అంట. "ఇంత నొప్పి పెట్టుకోని ఒక్క మాట చెప్పలేదేమే?" అన్నాడు. మారెక్క ఏమనిందో తెలుసునా? "ఎవుర్నీ పిలవలేక నువ్వు బండబండకూ నన్నే పెడితివి. నేనూ కాదంటే నీకెవరుండారు మామా?" అనింది.

ఆపొద్దునుంచీ తిప్పన్న ఏ బండ ఎత్తినా రాండప్పా అని పిలిచి, చుట్టూరా మనుషుల్ని పెట్టుకొనే ఎత్తినాడు. మారెక్కను గని దరిదాపులకు రానియ్యలా. ఇంట్లో నీళ్ల బిందె కూడా వాడే మోసినాడంట, సొట్ట పడకుండా. మీ ఫోన్లో బొమ్మపిల్లోనికి కూడా ఇట్లాంటిదేదో ఒకటి లోపల ఉండే ఉంటాది, అది చూపించాలంటే పొద్దుపోతాదని లారీ ఒక్కటే చూపిస్తారు. సరే, కథ ఆడికి అయిపాయె. రే చరణూ, ఆ ఫోను పక్కన పెట్టి నా మోకాలు రోంత పట్టుకో నాయనా, నీకేమన్నా తెలుస్తాదేమో చూద్దాం.