అడగకుండా ఆగిన రెండో ప్రశ్న

పంతొమ్మిది వందల తొంభై నాలుగు, జూలై పదకొండవ తేదీ, సోమవారం ఉదయం మన ఇళ్ల కేటాయింపు కార్యాలయంలో సహాయ ప్రోగ్రామర్‌గా చేరిన ఆ ఇరవై ఆరేళ్ల యువతికి తొలిరోజు దక్కినవి తాళం పడని ఒక బీరువా, గుడ్డ కప్పిన ఒక కంప్యూటరు. కుర్చీ నాలుగో రోజున వచ్చింది. ముప్పై రెండు సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆమెను ఇక్కడ అసలు పేరుతో తలచుకునేవారు తక్కువ. వెనకాల అందరూ 'చాలుగారు' అనే అంటారు. ఏ సమావేశంలోనైనా విషయం తేలిన మరుక్షణం "తేలింది కదండీ, ఇక చాలు" అని కాగితాలు సర్దుకోవడం వారి అలవాటు. తేలిన విషయాన్నే మరో గంట నానబెట్టడం మనలో కొందరికి ప్రాణప్రదం కనుక, ఆ పేరు కాస్త కచ్చతో పెట్టినదే. అది తమకు తెలియనట్టే ఇన్నేళ్లూ ఉండిపోయినందుకు కూడా వారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

తొలి పదిహేనేళ్ల వారి సేవ ఓర్పుకు పరీక్ష. కేటాయింపు నిబంధన ఒక్కటి మారినా ప్రోగ్రాం మొత్తం విప్పి మళ్లీ కుట్టవలసి వచ్చేది. అందుకు పట్టే రెండు రోజులూ కౌంటర్లు మూతపడేవి, వరండా నిండిపోయేది, తిట్లు మాత్రం కౌంటరు గుమాస్తాలకు దక్కేవి.

రెండువేల తొమ్మిదిలో ఆమె ఈ తిప్పలకు స్వస్తి పలికారు. నిబంధనను ప్రోగ్రాంలో బిగించి రాయకుండా, అధికారి తెర మీద ఎంచుకున్న షరతులను కంప్యూటరే అప్పటికప్పుడు చెట్టులా అల్లుకునే పద్ధతి తెచ్చారు. ప్రోగ్రామర్లు దాన్ని ఎక్స్‌ప్రెషన్ ట్రీ అంటారు. చెట్టు మొదట్లో 'మరియు' అనో 'లేదా' అనో ఒక మాట ఉంటుంది. దాని నుంచి చీలిన రెండు కొమ్మల చివర రెండు ప్రశ్నలుంటాయి. కంప్యూటరు ఏ కొమ్మకు వెళితే ఆ ప్రశ్న కౌంటరు తెర మీదకు వస్తుంది, గుమాస్తా దరఖాస్తుదారును అడుగుతారు. మూడు వందల పాత దరఖాస్తులతో పరీక్షిస్తే మూడు వందలకూ సరైన ఫలితమే వచ్చింది. పై అధికారి ఎంతో సంతోషించి, ఆ ఏడాది విభాగాధిపతి పదవికి ఆమె పేరే పంపుతున్నానని చెప్పారు.

ఆ పద్ధతి కౌంటర్లలోకి వచ్చిన మూడో వారంలో ఒకనాడు, తన చెట్టు ఎలా పని చేస్తోందో చూసుకుని మురిసిపోదామని ఆమె మూడో కౌంటరు వెనక నిలబడ్డారు. స్థిరమైన ఉద్యోగం చేస్తున్న భర్త ఉంటే ఇల్లు రాదన్నది నిబంధన. కౌంటరుకు ఒక నడివయసు స్త్రీ వచ్చారు.

"మీ ఆయన ఉన్నారా అమ్మా?" అని గుమాస్తా అడిగారు. అప్పటికి ఆ గుమాస్తా అమ్మాయి ఉద్యోగంలో చేరి నెల కాలేదు.

"లేరమ్మా. పోయి పన్నెండు రోజులైంది."

తెర మీద రెండో ప్రశ్న వెలిగింది. జవాబు నింపనిదే ముందుకు కదలదు. గుమాస్తా గొంతు తగ్గించి అడిగారు: "మీ ఆయన ఏం ఉద్యోగం చేస్తున్నారు?"

"పోయాడని ఇప్పుడేగా చెప్పాను తల్లీ!"

"నేను కాదమ్మా, కంప్యూటర్ అడుగుతోంది."

"నేను చెప్పింది దానికి వినపడలేదా?"

ఆ స్త్రీకి ఇల్లు మంజూరైంది. ఫలితం అక్షరాలా సరైనదే. అందుకే తప్పు అంతవరకూ దొరకలేదు.

ప్రోగ్రాముల్లో 'మరియు' రెండు రకాలు. మొదటి రకం రెండు కొమ్మలకూ వెళ్లి, రెండు జవాబులూ తెచ్చుకుని, ఆపైన తీర్పు చెబుతుంది. రెండో రకం మొదటి కొమ్మలో 'కాదు' అని రాగానే అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే రెండో జవాబు ఏదైనా తీర్పు మారదు. 'లేదా' అయితే మొదటి 'అవును' దగ్గరే ఆగుతుంది. ఇలా ఆగడాన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. ఆమె చెట్టంతటా మొదటి రకమే వాడారు. పాత దరఖాస్తుల్లో జవాబులన్నీ ముందే నింపి ఉన్నాయి కనుక, పరీక్షలో ఏ మనిషినీ అడిగే పని పడలేదు.

ఆ సాయంత్రం ఆమె ముద్ద ముట్టకపోవడం చూసి, దర్జీ అయిన వారి భర్త సంగతి రాబట్టారు.

"చొక్కా వద్దు, ప్యాంటు చాలన్నవాడికి చేతుల పొడవు కొలుస్తామా?" అన్నారాయన.

"కొలిస్తే ఏమవుతుంది?"

"ప్యాంటు సరిగ్గానే వస్తుంది. మనిషే మళ్లీ రాడు."

మర్నాడు ఆమె ప్రోగ్రాంను నిలిపివేయమని పై అధికారిని కోరారు. "ఫలితాలు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా. పదోన్నతుల జాబితా వెళ్లనీ, తర్వాత చడీచప్పుడు లేకుండా మార్చేద్దువు గాని" అన్నారాయన, మంచి మనసుతోనే.

"జాబితా వెళ్లేలోపు కౌంటరుకి ఇంకెంతమంది వస్తారోనండీ" అని ఆమె, తప్పు పూర్తిగా తనదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఐదు రోజులు కౌంటర్లు మూసి, చెట్టులోని ప్రతి 'మరియు'నూ, ప్రతి 'లేదా'నూ మార్చారు. ఆ కాగితంలో 'షార్ట్ సర్క్యూట్' అన్న మాట చూసి పరిపాలనా విభాగం కరెంటు మెకానిక్‌ను పరుగెత్తించిన ముచ్చట ఇప్పటికీ టీ దగ్గర చెప్పుకుంటారు. విభాగాధిపతి పదవి మాత్రం ఆ ఏడాది వేరొకరిని వరించింది. ఆమెకు అది ఆరేళ్ల తర్వాత వచ్చింది. ఈ ఆలస్యం గురించి వారి నోట ఒక్క మాట విన్నవారు లేరు.

వారిని బాధించినది వేరు. ఆ స్త్రీకి క్షమాపణ కోరుతూ స్వహస్తాలతో ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. చాలాకాలం తపాలా వేళకు వారి చూపు గుమ్మం వైపు పోయేది. మళ్లీ రాయమని ఎవరో సలహా ఇస్తే, "ఆవిణ్ని ఇంకోసారి అడగను" అన్నారు. ఆ తర్వాత వారి శిక్షణలో ఎదిగిన ప్రోగ్రామర్లందరూ 'ఎవరిని అడుగుతున్నావు, ఎందుకడుగుతున్నావు' అన్న పాఠంతోనే మొదలుపెట్టారు.

నాలుగేళ్ల క్రితం ఆ దర్జీగారు కన్నుమూశారు. దినకార్యాలు ముగిసిన మర్నాడే ఆమె విధులకు హాజరయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు. వారి దగ్గర నేర్చుకున్నదే అది.

గత సోమవారం, ఇప్పుడు అదే చెట్టు మీద నడిచే విశ్రాంత ఉద్యోగుల వైద్య కార్డు కోసం ఆమె మూడో కౌంటరుకు ఇవతలి వైపున కూర్చున్నారు. అవతల అదే గుమాస్తా, ఇప్పుడు కళ్లజోడుతో, ఇద్దరు పిల్లల తల్లిగా. తెర మీద మొదటి ప్రశ్న రాగానే గుమాస్తా అడగకుండానే మీట నొక్కబోయారు.

"అడుగమ్మా. నీకు తెలుసు గానీ కంప్యూటర్‌కి తెలియదుగా. మొదటిది అడగాలి."

"మీ వారు... ఉన్నారా మేడమ్?"

"లేరు."

భర్త పుట్టిన తేదీ అడిగే ప్రశ్న రెండో కొమ్మ చివర ఉంది. తెర అటు వెళ్లలేదు. నేరుగా ఫోన్ నంబరు అడిగింది. ఆమె ఆ తెర వైపు చూసి అన్నారు:

"ఈసారి వినపడింది దానికి."

గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ ముచ్చట ఆ గుమాస్తా చెప్పగా తెలిసినదే.

ఇకపై భర్త కుట్టుమిషన్ మీద మనుమరాలికి గౌను కుట్టడం నేర్చుకుంటానని చాలుగారు చెబుతున్నారు. వారి కోసం మన కార్యాలయం తరఫున చివరిగా ఒక చెట్టు నాటుదాం. మొదట్లో 'మరియు' అని రాసి, ఒక కొమ్మకు ఆరోగ్యం, మరో కొమ్మకు ఆయుష్షు తగిలిద్దాం. ఆరోగ్యం నిండుగా ఉందని తేలాకే ఆయుష్షు సంగతి అడగాలి. మొదటి కొమ్మలో 'అవును' అని వచ్చి, రెండో ప్రశ్న తప్పక అడగవలసి రావాలనీ, దానికి నూరేళ్ల జవాబు దొరకాలనీ మనసారా కోరుకుంటూ, వారు "ఇక చాలు" అనకముందే ఈ అభినందనను ముగిద్దాం.